సుబ్బరత్నమ్మ మోసిన జట

డోన్ నుంచి పత్తికొండ వైపు పోయే దారిలో ఎర్రదిన్నె అని ఒక పల్లె. ఆ ఊళ్లో పొద్దున్నే పనిమీద బయల్దేరేవాళ్లు వీధి ఇటూ అటూ చూసుకుని గానీ గడప దాటేవాళ్లు కారు. దొంగల భయమూ కాదు, కుక్కల భయమూ కాదు. సుబ్బరత్నమ్మ ఎదురొస్తుందేమోనని.

పాపం ఆమె చేసిన నేరమేమీ లేదు. పద్నాలుగేళ్లకే మొగుడు పోయాడు, అంతే. వాళ్ల వైశ్యుల్లో అందరిళ్లలోనూ మొగుడు పోయిన ఆడదానికి తల తీయించే ఆచారం లేదు. ఆమె మామగారు మాత్రం మహా నిష్ఠాపరుడు, పట్టుబట్టి తీయించాడు. ఆ మహానుభావుడు పోయినా ఆచారం పోలేదు. మరిది వెంకటరమణయ్య తండ్రి అంగడితోపాటు దాన్నీ అందిపుచ్చుకున్నాడు. నెలకోసారి మంగలి అయ్యన్న వెనక వాకిలి గుండా దొడ్లోకి వచ్చేవాడు. ఆ పూట ఇంట్లోవాళ్లు తలుపులు మూసుకునేవాళ్లు, పక్కింటివాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ఆ తల గొరగడం కంటబడితే కీడట. చేయించినవాళ్లకు లేని కీడు చూసినవాళ్లకు ఎట్లా వస్తుందో ఎవరూ అడగలేదు.

మిగతా రోజులన్నీ ఆమెకు దొడ్లోనే తెల్లవారేది. అంగట్లో అమ్మే చింతపండు కొట్టి గింజ తీయడం, కందులు చెరగడం, బెల్లం దిమ్మలకు చీమ పట్టకుండా చూడడం ఆమె పని. మనుషులతో మాటలు తక్కువ. తెల్లటి కొంగు తలమీదినుంచి జారితే గబుక్కున లాక్కునేది.

అటువంటి మనిషికి గిడ్డమ్మ ఎదురొచ్చింది.

పంతొమ్మిది వందల యాభై ఒకటి. వానలు వరసగా మొహం చాటేసిన కాలం. గిడ్డమ్మకు ఎనిమిదేళ్లుంటాయేమో. తల్లి కాన్పులో పోయింది. తండ్రి మారెన్న తుంగభద్ర ఆనకట్ట పనికని హోస్పేటకు పోయినవాడు మళ్లీ ఊరి మొహం చూడలేదు. ఉన్నదల్లా ముసలి అవ్వ భీమక్క. ఆమెకు చూపు ఆనదు. పిల్ల ఎక్కడ తింటే అక్కడ తిన్నట్టు, ఎక్కడ పడుకుంటే అక్కడ పడుకున్నట్టు పెరుగుతోంది. సుబ్బరత్నమ్మ ఎదురొస్తే వెనక్కి తిరగాలని ఆ పిల్లకు నేర్పేవాళ్లు కూడా లేకపోయారు.

ఒకరోజు పొద్దున బావి దారిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. కొంగు జారింది. పిల్ల తప్పుకోలేదు, నిలబడి తేరిపార చూసింది.

"నీ ఎంటికలు యాడ బోయినాయి శెట్టెమ్మా?"

ముప్పై ఏళ్లలో ఆ మాట అడిగిన ప్రాణి అదే. సుబ్బరత్నమ్మకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. మంగలాయన ఎత్తుకుపోయాడని చెప్పింది. మళ్లీ తెచ్చిస్తాడా అని పిల్ల అడిగింది. ఇవ్వడని ఆమె అంది. 

"నాకు శానా ఉండాయి. కొన్ని నువ్వు తీసుకో" అని తల వంచి చూపించింది.

చూస్తే ఏముంది? దుమ్ము, పేలు, నూనె చుక్క ఎరగని ఎండు వెంట్రుకలు. ఎడమ చెవి వెనక వేలెడు మందాన అట్టకట్టి తాడులా పేనుకుపోయి ఉంది. సుబ్బరత్నమ్మ ఆ తలమీద చెయ్యి పెట్టింది. ఆ రోజునుంచి గిడ్డమ్మ వెనక వాకిలి దగ్గరికి రావడం మొదలుపెట్టింది. సుబ్బరత్నమ్మ చింతగింజలు వేయించి పెట్టేది. పిల్ల పక్కన కూర్చుని వాటిని పటపటా కొరుకుతూ ఊళ్లో కబుర్లన్నీ మోసుకొచ్చేది. ఆ కబుర్ల కోసం సుబ్బరత్నమ్మ పొద్దున్నుంచీ వాకిలి వైపే చూసేది. సిగ్గెందుకు, ఆ పిల్ల రాని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

అయితే కరువులో కడుపు చింతగింజలతో ఊరుకుంటుందా? ఒక సంతరోజు గిడ్డమ్మ అంగట్లో చెయ్యిపెట్టి బెల్లం గడ్డ తీసుకుని పరుగెత్తింది. బండ్లవాళ్లు పట్టుకున్నారు. ఒకడు జుట్టు పట్టి వంచితే ఇంకొకడు చెర్నాకోల ఎత్తాడు. కేక విని సుబ్బరత్నమ్మ లోపలినుంచి అంగడి ముందుకు వచ్చేసింది. నలుగురి ముందుకు రాకూడని మనిషి. పిల్ల తల వాడి గుప్పిట్లో ఉంది. ఆమె నోట్లోంచి మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఆ జట పట్టుకోవద్దప్పా. అది ఎల్లమ్మ జట. చెయ్యి పడిపోతాది."

వాడి గుప్పిట విడిపోయింది. చెర్నాకోల దిగిపోయింది. ఆ సీమలో ఆడపిల్లకు వెంట్రుకలు వాటంతట అవే పేనుకుంటే ఎల్లమ్మ తల్లి వచ్చి కూర్చుందని నమ్మకం. ఆ జటకు నూనె తగలకూడదు, దువ్వెన తగలకూడదు, కత్తి అసలే తగలకూడదు. అక్కడున్న ఆడవాళ్లు చెంపలేసుకున్నారు. అంతకుముందు ఆ బెల్లం గడ్డ కోసం గొంతు చించుకున్న వెంకటరమణయ్యే దాన్ని రెండు చేతులతో పిల్లకిచ్చి దండం పెట్టాడు.

ఆ జట ఎల్లమ్మది కాదని, నూనె లేక కట్టిందని సుబ్బరత్నమ్మకు బాగా తెలుసు. అబద్ధమే ఆడింది. కానీ ఆ అబద్ధం అన్నం పెట్టింది. ఊళ్లో గింజలేని ఆ సంవత్సరంలో భీమక్క గుడిసెకు జొన్నలు వచ్చాయి, పసుపు వచ్చింది, శుక్రవారం పూట పాత చీరలు వచ్చాయి. పిల్ల బుగ్గలు కొంచెం నిండాయి. తల దురదపెడుతోంది, దువ్వమని గిడ్డమ్మ అడిగితే సుబ్బరత్నమ్మ వద్దని చెయ్యి తీసేసేది. తింటోంది గదా, తిననీ అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

మరుసటి వేసవిలో గిడ్డమ్మ గంతులేసుకుంటూ వచ్చింది. వైశాఖ పున్నమి జాతరలో తనకు కొత్త చీర కడతారట, మెడలో ముత్యాల తాళి కడతారట, మేళం పెడతారట. సుబ్బరత్నమ్మ చేతిలో చింతపండు కింద పడిపోయింది. ఆమెకు అప్పుడు గానీ తను చేసిన పని తెలిసిరాలేదు.

ఎల్లమ్మ జట ఉన్న పిల్లకు పెళ్లి ఉండదు. దేవత పేర తాళి కట్టి బసివిగా ఊరికి వదిలేస్తారు. బసివి ఊరందరికీ పూజ్యురాలని పగలు చెబుతారు. ఆ పిల్ల ఈడేరాక చీకటి పడితే ఆ గుడిసె తలుపు తట్టని పెద్దమనిషి ఉండడు. సర్కారు దీన్ని కూడదని చట్టం చేసిందని చెప్పుకునేవాళ్లు గానీ, ఆ చట్టం ఎర్రదిన్నె దాకా నడిచి రాలేదు.

సుబ్బరత్నమ్మ ఆ సాయంత్రమే భీమక్క గుడిసెకు పోయి, జట సంగతి తను కల్పించి చెప్పిందని ఒప్పుకుంది. పిల్లను కొడుతుంటే చూడలేక నోరు జారానని ఏడ్చింది. భీమక్క గుడ్డి కళ్లు ఆమె వైపు తిప్పి నింపాదిగా నవ్వింది.

"నువ్వేం చెప్పలేదు తల్లీ. ఆయమ్మే నీ నోట పలికింది. నువ్వట్లా అంగడి ముందరికి ఎప్పుడన్నా వస్తివా?"

 నిజమే, ఎన్నడూ రాలేదు. ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. భీమక్క నవ్వు మానేసి, నేను పోయినాక దీనికి కూడు ఎవరు పెడతారు, నువ్వు పెడతావా అని అడిగింది. మరిది ఇంట్లో పిడికెడు మెతుకులు తినే మనిషి ఏమని చెబుతుంది? ఊరిపెద్ద నరసన్న దగ్గరికి పోతే అతను గడప దగ్గర ఆమెను చూసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అబద్ధం ఒక్క అరుపుతో నమ్మిన ఊరు నిజాన్ని చెవిన వేసుకోలేదు.

జాతర దగ్గరపడింది. అయ్యన్న వచ్చే రోజు వచ్చింది. ఎప్పటిలాగే తలుపులు మూశారు, అందరూ మొహాలు తిప్పుకున్నారు. అప్పుడు సుబ్బరత్నమ్మకు తట్టింది: ఊరంతా కళ్లు మూసుకునే చోటు తన దొడ్డి ఒక్కటే. వెనక వాకిలి దగ్గర నిలబడి ఉన్న గిడ్డమ్మను లోపలికి లాగి తన పీటమీద కూర్చోబెట్టింది.

 అయ్యన్న తనకూ బిడ్డలున్నారని, చేతులు పడిపోతాయని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"కత్తి ఈడ పెట్టు" అంది సుబ్బరత్నమ్మ. "అందరి మాదిరే నువ్వు గూడా మొకం తిప్పుకో."

అతను గోడవైపు తిరిగాడు. ఎన్ని వందలసార్లో తన తలమీద ఆడిన కత్తి ఆమె చేతిలోకి రావడం అదే మొదలు. జట మొదట్లో కోస్తుంటే కింద చర్మం పుండ్లుపడి ఉంది.  పిల్ల ఒక్కసారి మాత్రం, మంగలాయన నావి గూడా ఎత్తుకపోతాడా అని అడిగింది. నీకు మళ్లీ మొలుస్తాయని సుబ్బరత్నమ్మ చెప్పింది. తనలో తను ఎల్లమ్మకు దండాలు పెట్టుకుంటూనే గొరిగింది. ఆమె నాస్తికురాలు కాదు, ధైర్యవంతురాలు అంతకంటే కాదు. జటను నీళ్లపొయ్యిలో వేస్తే దొడ్డంతా వాసన కొట్టింది.

ఊరు ఊరంతా అంగడి మీద పడింది. తిట్టినవాళ్లు తిట్టారు, దుమ్ము ఎత్తిపోసినవాళ్లు పోశారు. చివరికి నరసన్న తీర్పు చెప్పాడు. అది అమ్మవారి జటే అయితే వెంట్రుకలు పెరిగాక మళ్లీ కడుతుంది, అప్పుడు తాళి కడదామన్నాడు. వెంకటరమణయ్య పిల్లను వాకిలి తొక్కనివ్వొద్దని వదినకు గట్టిగా చెప్పాడు.

వాకిలి తొక్కకపోతే ఏం, దొడ్డిగోడ అవతల చింతపొట్టు పారబోసే దిబ్బ ఉంది. సుబ్బరత్నమ్మ ఇంట్లోంచి చారెడు నూనె, కొయ్య దువ్వెన కొంగులో పెట్టుకుని రోజూ అక్కడికి పోయేది. మొలిచిన వెంట్రుక మొలిచినట్టు నూనె పెట్టి చిక్కు తీసేది. పిల్ల ఆమె ఒళ్లో తలపెట్టి కబుర్లు చెబుతూ నిద్రపోయేది. చిన్నప్పుడు తన తల్లి ఇట్లాగే దువ్విన సంగతి సుబ్బరత్నమ్మకు వేళ్లకు గుర్తొచ్చేది. ఆ కొన్ని నెలలూ ఆమె సంతోషంగా ఉంది. ఎంత భయపడుతూ ఉందో అంత సంతోషంగా ఉంది.

మాఘమాసంలో గిడ్డమ్మకు అమ్మవారు పోసింది.

ఊరు ఇంక నోరు విప్పనక్కర్లేదు, చూసే చూపు చాలు. జట కోసినందుకు తల్లి స్వయంగా వచ్చిందని పసిపిల్లకు కూడా అర్థమైంది. సుబ్బరత్నమ్మకూ అదే అర్థమైంది. ఆమెకు చిన్నప్పుడే పోసి పోయింది, తనకు అంటుతుందన్న భయం లేదు. రెండు చీరలు మూటగట్టుకుని పట్టపగలు అందరూ చూస్తుండగా భీమక్క గుడిసెలోకి పోయింది. ఇక ఆ కులంవాళ్ల గుడిసెలో నీళ్లు తాగిన మనిషిని మరిది ఇంట్లోకి రానివ్వడని తెలిసే పోయింది.

పిల్ల వేపాకుల మీద కాలిపోతోంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. అమ్మవారు ఉన్నన్నాళ్లూ ఇంట్లో తాలింపు వేయకూడదు, తలకు నూనె పెట్టకూడదు, దువ్వెన ముట్టకూడదు. సుబ్బరత్నమ్మ ఏదీ తప్పలేదు. పిల్ల తల అటూ ఇటూ దొర్లిస్తుంటే జానెడు పెరిగిన జుట్టు చెమటకూ చీముకూ చిక్కుపడుతుంటే చూస్తూ కూర్చుంది. ఒక మధ్యాహ్నం వేపమండతో విసురుతూ చూసింది గదా, ఎడమ చెవి వెనక, సరిగ్గా ఆ పాత చోటే, వేలెడు మందాన పేనుకుని ఉంది.

 దువ్వెన కొంగులోనే ఉంది. దువ్వితే తల్లికి కోపం, పిల్ల దక్కదు. దువ్వకపోతే జట నిలుస్తుంది, పిల్ల దక్కినా ఊరికి పోతుంది. భీమక్క చెప్పిందే నిజమేమో, ఆ రోజు తన నోట పలికింది నిజంగా ఆ తల్లేనేమో. అబద్ధం తనది అయినా దాన్ని నిజం చేసుకునే శక్తి దేవతకు లేదని ఎట్లా అనుకోవడం? మొక్కుకుందామంటే ఆమె దగ్గర నగా లేదు, నాణెమూ లేదు. అందరూ తలనీలాలు మొక్కుకుంటారు, ఆమెకు అవీ లేవు.

సుబ్బరత్నమ్మ కొంగు తీసేసి ఆ బోడితలను పిల్ల పాదాల దగ్గర నేలకు ఆనించింది.

"తల్లీ, అబద్ధమాడింది నేను. జట కోసింది నేను. పసిదాన్ని ఏమనొద్దు. నీకు కూర్చునేదానికి తల కావాలంటే ఇదో, నాది ఉండాది. ముప్పై ఏండ్లుగా ఎవురికీ పనికిరాకుండా ఉండాది. దీనిమింద కూర్చో. నేను బతికినన్నాళ్లూ దించను."

భీమక్క మూల కూర్చుని ఆ మాటలన్నీ విన్నది.

పిల్ల బతికింది. కన్ను పోయింది, మొహం నిండా మచ్చలు మిగిలాయి. తలకు నీళ్లు పోసిన రోజు ఆ చెవి వెనక కట్టు సుబ్బరత్నమ్మ వేళ్ల మధ్య మెల్లగా విడిపోయింది. వట్టి చిక్కే అయి ఉండొచ్చు. దిగివచ్చిన తల్లి దిగినట్టు లేచిపోయి ఉండొచ్చు. ఏదని ఆమె తేల్చుకోలేకపోయింది, తర్వాత కూడా.

నెల తిరిగాక అయ్యన్న కత్తుల పొది చంకన పెట్టుకుని గుడిసె దగ్గరికే వచ్చాడు, వెంకటరమణయ్య పంపాడట. తల తీయించుకుని, గోమూత్రం తాగి వస్తే దొడ్లో ఒక మూల పడి ఉండనిస్తాడట. సుబ్బరత్నమ్మ వద్దని పంపించేసింది.

ఆ తర్వాతి రోజులు ఆమె ఎవరికీ చెప్పుకోలేనివి. ముప్పై ఏళ్ల తర్వాత తలమీద వెంట్రుక మొలిచింది. నెరిసిందే గానీ వెంట్రుకే. గిడ్డమ్మ లేనప్పుడు ఆమె అరచెయ్యి పెట్టి తడుముకునేది, చిన్నపిల్లలా మురిసిపోయేది. వేలెడైంది, జానెడైంది. ఒక్కసారి నూనె రాసి దువ్వుకోవాలని ప్రాణం కొట్టుకునేది. దువ్వకూడదు. దురద, పేలు, తలనొప్పి. కొన్ని పూటలు ఆ మొక్కు మొక్కిన నోటిని తనే తిట్టుకునేది. కర్నూలు రాజధాని అయిందని, గుడారాల్లో కచేరీలు పెట్టారని ఊళ్లో చెప్పుకుంటున్న రోజులకు ఆ జుట్టు అట్టకట్టడం మొదలైంది. మరి నాలుగేళ్లకు నడుమును తాకే జట అయింది.

భీమక్క ఆ మొక్కు సంగతి చెప్పకుండా ఎందుకుంటుంది? ఎల్లమ్మ పిల్ల తలమీదినుంచి దిగి శెట్టెమ్మ తలకెక్కిందని ఊరు తీర్మానించుకుంది. గిడ్డమ్మ తాళి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నరసన్న పసుపు తెచ్చి సుబ్బరత్నమ్మ కాళ్లకు పూశాడు. ఆమె ఎదురొస్తే ఇంట్లోకి దూరినవాళ్లు ఇప్పుడు పొద్దున్నే ఆమె ఎదురు రావాలని వీధిలో కాసుకుని నిలబడేవాళ్లు.

"నేను ఆ మనిషినే గదప్పా" అనేది ఆమె చిరాగ్గా. వాళ్లు ఆ మాటకూ దండం పెట్టేవాళ్లు. వాళ్లిచ్చిన జొన్నలు తీసుకునేది. తీసుకోక ఏం చేస్తుంది, పొయ్యిమీద కుండ ఖాళీగా ఉంటే.  భీమక్క పోయింది. ఇద్దరూ నలుగురి ఇళ్లకూ చింతపండు కొట్టి, డోన్ సంతలో అమ్మి బతికారు. గిడ్డమ్మ తల రోజూ నున్నగా దువ్వి ఉండేది. అందులో సుబ్బరత్నమ్మ ఒక్క పూట తప్పలేదు.

యాభై తొమ్మిదిలో గిడ్డమ్మకు పెళ్లయింది. సుంకప్ప అని, డోన్ స్టేషన్లో మూటలు మోసే కుర్రాడు. సంతలో రెండేళ్లు చింతపండు కొంటూ ఒంటికన్ను సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, అందుకే ఒప్పుకున్నానని గిడ్డమ్మ చెప్పింది. సుబ్బరత్నమ్మనూ తమతో రమ్మన్నారు. ఆమె రానంది. కొత్త కాపురం గడపలోకి ఈ జట అడుగుపెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

డోన్‌కు బండి కట్టే రోజు మధ్యాహ్నం గిడ్డమ్మ నూనె గిన్నె, ఆ పాత కొయ్య దువ్వెన పట్టుకుని వచ్చి వెనక కూర్చుంది.

"నేను పోతాండా. ఇంక నన్ను ఎవురూ ఏం చేయరు. దీన్ని తీసేస్తా, తల వంచు శెట్టెమ్మా."

సుబ్బరత్నమ్మకు మెడ దానంతటదే వంగింది. పద్నాలుగో ఏటినుంచి ఆ తల ఎదురుచూసిన మాట అదొక్కటే. నూనె వాసన తగిలి కళ్లు మూతపడ్డాయి. దువ్వెన జటకు తగలబోతుండగా చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుంది.

"వద్దు. దింపితే అది యాడికి పోతాదో నాకు తెల్దు."

"అది వట్టి అబద్ధమని నువ్వే చెప్తివి గదా."

"చెప్తి. అబద్ధమే. అయినా రేపు నీకు ఆడబిడ్డ పుడితే?"

 గిడ్డమ్మ ఆ జటను చేతిలో పట్టుకుని కూర్చుంది. తడిసిన బొంతంత బరువుంది. తర్వాత వెతికింది. కుడి చెవి పక్కన జటలో కలవకుండా నాలుగు తెల్ల వెంట్రుకలు విడిగా వేలాడుతున్నాయి. వాటికి వేలితో నూనె రాసి, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి దువ్వింది. సుబ్బరత్నమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మా అని, ఎప్పుడో చచ్చిపోయిన తన తల్లిని పిలిచింది. బయట బండివాడు పొద్దుపోతోందని కేకేస్తున్నాడు.

ఆ తర్వాత సుబ్బరత్నమ్మ బతికినన్నాళ్లూ గిడ్డమ్మ అమావాస్య అమావాస్యకూ డోన్ నుంచి వచ్చేది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది, కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. వచ్చినప్పుడల్లా ముందు ఆ కూతురి చెవి వెనక సుబ్బరత్నమ్మ వేళ్లుపెట్టి తడిమి చూసేది. చిక్కేమీ లేదని నిమ్మళించాక, తిరిగి కూర్చుని, ఆ నాలుగు వెంట్రుకలూ దువ్వించుకునేది.